బియ్యం కడగకముందే

ఐదు వేలమందికి ప్రభువు భోజనం పెట్టిన కథ మనకు సండే స్కూల్లోనే వచ్చేసింది. ఐదు రొట్టెలు, రెండు చేపలు, పచ్చికలో బారులు తీరి కూర్చున్న జనం, చివరికి పన్నెండు గంపల ముక్కలు. పిల్లల బొమ్మల పుస్తకాల్లో ఆ గంపలనే పెద్దగా వేస్తారు. యోహాను సువార్త ఆరో అధ్యాయాన్ని నిదానంగా చదివితే యేసు కృతజ్ఞతాస్తుతులు చెల్లించింది ఎప్పుడో కనపడుతుంది. అప్పటికి గంపలు లేవు. ఐదు రొట్టెలు ఐదుగానే ఉన్నాయి. ఎదురుగా ఆకలితో జనం. ఇంతమందికి ఇవి ఏ మూలకని అంద్రెయ అప్పుడే పెదవి విరిచాడు. పైగా అవి యవల రొట్టెలు, ఆ దేశంలో గోధుమ రొట్టెకు నోచుకోని పేదలు తినేవి. ఒక కుర్రవాడు తెచ్చుకున్న ఆ కాస్త ఆహారాన్ని చేతుల్లోకి తీసుకుని ప్రభువు తండ్రికి స్తోత్రం చెప్పాడు. గంపలు నిండాక మళ్లీ చెప్పినట్టు సువార్తికుడు రాయలేదు.

అంటే స్తోత్రం ముందు, సమృద్ధి తరవాత. మన ప్రార్థనల్లో ఈ వరస ఎప్పుడో తారుమారైంది. ముందు మేలు జరగాలి, ఆ తరవాత తీరిక చూసుకుని కృతజ్ఞత చెప్పాలి. అలా చెప్పే కృతజ్ఞత తప్పేమీ కాదు. బాగుపడిన పదిమంది కుష్ఠరోగుల్లో వెనక్కి తిరిగి వచ్చిన ఒక్కణ్ణీ ప్రభువు మెచ్చుకున్నాడు, రానివాళ్ల గురించి అడిగాడు. అయితే మేలు జరిగిన రోజులు ఏడాదిలో ఎన్ని ఉంటాయి? మిగతా రోజులన్నీ మామూలు రోజులే. పాలవాడు వస్తాడు, కరెంటు పోతుంది, బస్సు ఆలస్యమవుతుంది, మోకాలు నొప్పి పెడుతుంది. వాటిలో ఆనందం ఎక్కడ దొరుకుతుందన్నదే నా ప్రశ్న.

దానికి జవాబు నేను ప్రసంగాల్లో విన్నదానికంటే ముందు మా వంటింట్లో చూశాను. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె, లూథరన్ కుటుంబం. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన పనిలోంచి పుట్టిన సంఘాల్లో మాదీ ఒకటి. అమ్మ పూటపూటకీ సోలతో బియ్యం కొలిచి చేటలో పోసుకునేది. రాళ్లు, వడ్లగింజలు ఏరేది. కడగబోయే ముందు కాసేపు ఆగేది. పెదవులు కదిలేవి. ఆ చేటలోంచే ఒక గుప్పెడు తీసి, గూట్లో ఉన్న పాత డాల్డా డబ్బాలో వేసేది. తరవాతే గిన్నెలో నీళ్లు పోసేది.

"బస్తాలోంచి తీస్తే సరిపోతుందిగా అమ్మా?" అని అడిగాను ఒకసారి.

"బస్తాలోంచి తీస్తే బస్తాకే తెలుస్తుంది. కొలిచినదాంట్లోంచి తీస్తే మనకి తెలుస్తుంది" అంది.

నిజమే. ఆ పూట అన్నంలో గుప్పెడు తగ్గేది. ఆ తగ్గింది అమ్మ కంచంలోనే అని పెద్దయ్యాక గాని నాకు అర్థం కాలేదు. శనివారం సాయంత్రం బైబిలు స్త్రీ సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ డబ్బాలు ఖాళీ చేసుకుని వెళ్లేది. అందులో కొంత పాస్టరుగారి ఇంటికి, కొంత ఆ వారం పని దొరకని వాళ్లకు పోయేది. ఎండాకాలంలో మా బస్తా కూడా అడుగంటేది. అప్పుడూ అమ్మ చెయ్యి ఆగలేదు. వేళ్లు కాస్త దగ్గరగా ముడిచి తీసేది, అంతే తేడా. అన్నం ఇంకా ఉడకలేదు, ఆ పూట కూరేమిటో ఇంకా తేలలేదు, స్తోత్రం మాత్రం చెల్లిపోయింది.

అమ్మది నవ్వుమొహం అని ఊళ్లో పేరు. ఆ నవ్వుకీ ఆ గుప్పెడుకీ సంబంధం ఉందని నా నమ్మకం. తన ఇంట్లో ఒకరికి పెట్టడానికి ఉందని రోజూ చేత్తో తాకి తెలుసుకున్న మనిషి తనను తాను లేనిదాన్నని ఎన్నడూ అనుకోలేదు. సంతోషంగా ఉండమని మనసుకి నచ్చచెబితే అది వింటుందన్న నమ్మకం నాకు లేదు. చేతికి ఒక పని అప్పజెబితే వింటుంది. ఈ గుప్పెడు బియ్యం పద్ధతి మన ఒక్కరిదే కాదు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టి ఇప్పటికీ సాగిస్తున్నారు. అక్కడి సువార్త పనికి పెద్ద ఆదరువుల్లో ఆ బియ్యం ఒకటి.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది తాతముత్తాతలు మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లు. పొలం వాళ్లది కాదు, నాట్లు వాళ్లవి, కోత వాళ్లది. అలాంటివాళ్లకు కృతజ్ఞత బోధించడమంటే నోరు మూసుకుని పడుండమని చెప్పడం కాదా? ఉన్నదాంతో సరిపెట్టుకో అని పేదవాడికి చెప్పిన మాట చాలాసార్లు ఉన్నవాడికే కలిసొచ్చింది. కూలి పెంచమని అడిగినవాడి ముందు దేవుణ్ణి అడ్డం పెట్టినవాళ్లూ ఉన్నారు. అది కృతజ్ఞత పేరుతో చేసిన అన్యాయం. కానీ మా పెద్దవాళ్లలో నేను చూసింది వేరు. ఈ గింజలు దేవుడిచ్చినవని నమ్మినవాడు వాటికోసం ఆసామి ఎదుట చేతులు కట్టుకోవలసిన అవసరం లేదు. కూలి తన కష్టానికి రావలసిన హక్కు. అన్నం దేవుడి దయ. ఈ రెంటి మధ్య ఆసామి దయకు చోటే లేదు. మా తాత కూలి దగ్గర గీచి గీచి బేరమాడేవాడు, ఇంటికొచ్చి కంచం ముందు కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పేవాడు. ఆయనకు ఆ రెండు పనుల మధ్య పేచీ ఏమీ కనపడలేదు. నాకూ కనపడదు.

ఒంగోలు చరిత్రలో దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. 1876–78 నాటి కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ కరువు సాయం నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం కలిశారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక, ఆయన దగ్గర ఇక తీసుకోవడానికి ఏమీ లేని రోజుల్లో, జనం తండోపతండాలుగా వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువులో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు వాళ్లు. ఏటి ఒడ్డున బారులు తీరి నిలబడిన ఆ మనుషులు ఎదురుచూసింది కూలి డబ్బులకు కాదు. మేలు లెక్క చూసుకుని దేవుణ్ణి నమ్మే రకం కాదు మన ముందుతరం.

ఆనందం అనగానే నాకు గుర్తొచ్చేది కోతపండుగ. ఇప్పటి పిల్లలకు స్టేజీ, డ్రమ్ములు, రంగుల లైట్లు ఆనందం. ఉండనివ్వండి, కీర్తనకారుడు కూడా తాళాలు గట్టిగానే మోగించమన్నాడు. కానీ కుప్పలు నూర్చాక మా గుళ్లో జరిగే కోతపండుగలో ఉన్న సంబరం వేరు. బలిపీఠం ముందు వరి కంకుల కట్టలు, గుమ్మడికాయలు, కందులు, పెరుగు ముంత, కాళ్లకు తాడు కట్టిన కోడిపుంజు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే మధ్యలో పుంజు కూసేది. పిల్లలం నవ్వు ఆపుకోలేక ఒకరి భుజాల్లో ఒకరం మొహం దాచుకునేవాళ్లం. ఆరాధన అయ్యాక వేలంపాట. ఒక ఏడు ఒక ముసలావిడ పెరట్లోంచి రెండు కట్టల గోంగూర తెచ్చి, అందరి కానుకల మధ్య పెట్టడానికి మొహమాటపడి ఓ మూలగా పెట్టింది. వేలంలో అది చేతికి రాగానే సంఘపెద్ద గట్టిగా పాట మొదలుపెట్టాడు. ఎవరో పాడారు, ఇంకెవరో పైకి పాడారు. ఒకటోసారి, రెండోసారి అంటుండగానే మూడో మనిషి లేచాడు. పాడుకున్నవాడు డబ్బు కట్టి, గోంగూరను మళ్లీ దేవుడికే ఇచ్చేశాడు. మళ్లీ వేలం. మళ్లీ తిరిగిచ్చారు. చివరికి ఆ రెండు కట్టలు కోడిపుంజు ధరను దాటిపోయాయి. ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. గుళ్లో ఉన్న ప్రతివాళ్లకూ ఆ రోజు తామే ఏదో గెలిచినట్టుంది. గోంగూర ఎవరు వండుకున్నారో నాకు తెలియదు.

పండుగ సరే, మామూలు రోజుల సంగతి చెప్పాలి. 136వ కీర్తన ఒక పెద్ద స్తుతి పట్టిక. మొత్తం 26 వచనాలు. ఆకాశాలు, సూర్యచంద్రులు, ఐగుప్తు, ఎర్రసముద్రం, ఓడిపోయిన రాజులు, స్వాస్థ్యంగా దొరికిన దేశం, ఒక్కొక్కటీ చెప్పి దేవుడి కృపను తలచుకుంటుంది. ఇంత పెద్ద సంగతుల తరవాత, ముగింపు స్తుతికి సరిగ్గా ముందున్న 25వ వచనంలో ఏముంది? సమస్త జీవులకూ ఆహారమిచ్చేవాడని. సముద్రం రెండుగా చీలడమూ, ఇవాళ్టి మధ్యాహ్నం అన్నమూ ఆ కీర్తన రాసినాయనకు ఒకే పట్టికలోవి. నేను ఆ కీర్తనను ఇష్టంగా చదివేది ఆ వచనం కోసమే.

పట్టిక రాసుకోవడం ఆరోగ్యానికి మంచిదని ఇప్పుడు శాస్త్రవేత్తలూ చెబుతున్నారు. 2003లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్కల్లో తమ అధ్యయనం ప్రచురించారు. కొందరితో వారానికోసారి తమకు అందిన మేళ్లు రాయించారు, ఇంకొందరితో చికాకులు రాయించారు. మేళ్లు రాసినవాళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా చెప్పుకున్నారు. మంచిదే. అయితే విశ్వాసికి ఆ పట్టిక మీద ఒక చిరునామా కూడా ఉంటుంది. ఎవరికి చెబుతున్నామో తెలిసి చెప్పేది ప్రార్థన.

చెప్పేటప్పుడు పేరు పెట్టి చెప్పాలన్నది నా అభిప్రాయం. "చేసిన మేలులన్నిటికీ స్తోత్రం" అని ఒక్క మాటలో కట్టేస్తే మన మనసుకే ఏమీ గుర్తుకు రాదు. ఇవాళ కుళాయి రెండు గంటలు వచ్చింది. పక్కింటి పిల్లాడు సిలిండరు లోపలికి మోసిపెట్టాడు. షుగరు అదుపులో ఉంది. నాలుగేళ్లుగా మాట్లాడని తోడికోడలు పెళ్లిలో పలకరించింది. ఇలా చెబితే ప్రార్థన కొంచెం పొడవవుతుంది, పరవాలేదు. ఇంకో మాట కూడా ఉంది. భోజనానికి ముందు ఇంటిల్లిపాదీ కళ్లు మూసుకుని దేవుడికి వందనాలు చెబుతాం. కళ్లు తెరిచాక, పొయ్యి దగ్గర చెమటోడ్చి వచ్చిన మనిషితో ఒక్క మాటైనా అనం. ఇంట్లోవాళ్లకు థాంక్స్ చెప్పడం మనకు అలవాటు లేదు, చెబితే ఎబ్బెట్టుగా ఉంటుంది కూడా. "పప్పు ఇవాళ భలే కుదిరిందే" అంటే చాలు, మన ఇళ్లల్లో అదే వందనం. దేవుడికి చెప్పిన స్తోత్రం ఆ నాలుగడుగుల దూరం నడిచి ఇల్లాలి దాకా చేరకపోతే అది కంచం దగ్గరే ఆగిపోయినట్టు.

కృతజ్ఞతలో ఒక దొంగ కృతజ్ఞత ఉంది. లూకా 18లో పరిసయ్యుడి ప్రార్థన మొదలయ్యేది కృతజ్ఞతతోనే అన్నది మనం గమనించం. తాను ఇతరుల్లాంటివాణ్ణి కానందుకు, ముఖ్యంగా పక్కనే నిలబడ్డ సుంకరిలాంటివాణ్ణి కానందుకు అతను దేవుడికి స్తోత్రం చెప్పాడు. ప్రభువు ఆ స్తోత్రాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మనకంటే కిందివాళ్లను చూసుకుని తృప్తిపడమని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ మాట వెనక మంచి మనసే ఉంది, అయినా నేను దాన్ని ఒప్పుకోలేను. ఆస్పత్రి వార్డులో రోగిని చూడ్డానికి వచ్చినవాళ్లు పక్క మంచం వైపు కళ్లతో చూపించి, "ఆవిణ్ణి చూడు, దేవుడి దయవల్ల మనం చాలా నయం" అని ధైర్యం చెప్పడం విన్నాను. పక్క మంచం మీదావిడా విన్నది. అటు తిరిగి పడుకుంది. ఒకరి కష్టాన్ని పీటగా వేసుకుని దాని మీద నిలబడి చెప్పే స్తోత్రం దేవుడికి చేరుతుందని నేననుకోను. ఆవిడకు కూడా అదే దేవుడు కదా.

దుఃఖం ఉన్న ఇంట్లో అసలే జాగ్రత్త కావాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరికెళ్లి అన్నిటికీ స్తోత్రం చెప్పాలమ్మా అని వాక్యం ఎత్తుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కీర్తనల గ్రంథంలో ఏడుపులు ఎన్ని ఉన్నాయో చూడండి. 88వ కీర్తన చీకట్లో మొదలై చీకట్లోనే ముగుస్తుంది, ఎవరూ దాన్ని బైబిల్లోంచి తీసేయలేదు. యోహాను 11వ అధ్యాయంలో లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ సమాధి దగ్గరే, రాయి తీశాక, లాజరు ఇంకా బయటికి రాకముందే, తన మొర విన్నందుకు తండ్రికి కృతజ్ఞత చెప్పాడు. ముందు ఏడ్చాడు, తరవాత స్తుతించాడు. ఏడుపుకు ఆయన తొందర పెట్టలేదు. మనం ఎందుకు పెట్టాలి? ఆ తల్లి పక్కన కూర్చుని ఆమెతో ఏడవడమే ఆ రోజుకు మన ఆరాధన. స్తోత్రం ఆమె నోటి నుంచి రావలసిన రోజు ఆమెకు, ఆమె దేవుడికీ తెలుసు.

అయినా ఆ రోజు వస్తుంది. అది ఎలా వస్తుందో నేను వివరించలేను, వచ్చినవాళ్లను చూపించగలను. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో ఐలెన్‌బర్గ్ అనే పట్టణముంది. ముప్పయ్యేళ్ల యుద్ధకాలంలో చుట్టుపక్కల పల్లెల జనం ప్రాణాలు అరచేత పట్టుకుని ఆ కోటగోడల లోపలికి చేరారు. 1637లో తెగులు పడింది. ఊళ్లో తోటి పాస్టర్లు పోగా మిగిలినవాడు మార్టిన్ రింకార్ట్. ఆ ఏడు ఆయన నాలుగు వేలకు పైగా శవాలకు సమాధి ఆరాధన జరిపించాడు. అందులో ఆయన భార్యది కూడా ఉంది. తరవాత కరువు, ఆపైన సైన్యాల పన్నులు. లూథరన్లే గాక ప్రపంచంలో ఎన్నో సంఘాలు పాడుకునే గొప్ప కృతజ్ఞతాకీర్తన ఆ రింకార్ట్ రాసిందే. ఇంట్లో బల్ల దగ్గర, భోజనానికి పాడుకునే పాటగా మొదట రాశాడంటారు. రాజుల పట్టాభిషేకానికో, యుద్ధంలో గెలుపుకో కాదు, ఆ పూట బల్ల మీద ఉన్నదానికి. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల పాడింది కూడా భూకంపం రాకముందే, కాళ్లు బొండలో ఉండగానే. తలుపులు తెరుచుకుంటాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పాస్టరుగార్లకు, సంఘపెద్దలకు నాదొక మనవి. మన గుళ్లల్లో సాక్ష్యాల సమయం ఉంటుంది. వీసా వచ్చినవాళ్లు, ఇల్లు కట్టుకున్నవాళ్లు, ఆపరేషన్ బాగా జరిగినవాళ్లు ముందుకొచ్చి చెబుతారు. చెప్పనివ్వండి, మనమంతా వాళ్లతో కలిసి సంతోషించాలి. కానీ ఆ వేళకు వెనక వరసల్లో కొందరు తల వంచుకుంటారు. సంబంధం కుదరని పిల్ల, ఉద్యోగం రాని కొడుకున్న తండ్రి, డయాలిసిస్‌కు వెళ్లొచ్చిన పెద్దాయన, ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి గుడి ఊడ్చే ముసలమ్మ. చెప్పడానికి తమ దగ్గర ఏమీ లేదని వాళ్లనుకుంటారు, మనమూ అలాగే అనుకుంటున్నాం. వచ్చే ఆదివారం ప్రార్థన ఇంకా నెరవేరనివాళ్లనే ముందుగా పిలవండి. బలవంతపెట్టకండి, మైకు మాత్రం వాళ్ల దాకా తీసుకెళ్లండి. వాళ్లు దేనికి స్తోత్రం చెబుతారో సంఘమంతా ఒకసారి వినాలి.